ఆపగలిగీ ఆపని రాజ్యం

తన నేల మీద నుంచి బయలుదేరి పొరుగు దేశపు పౌరులను చంపిన ముఠాను తాను పంపలేదని, దానికి ఆయుధమివ్వలేదని ఒక రాజ్యం చెప్పినప్పుడు, ఆ మాట నిజమే అయినా ఆ హత్యలకు అది బాధ్యత వహించాలా అన్న ప్రశ్నకు అంతర్జాతీయ న్యాయశాస్త్రం కంటే చాలా పాత మూలాలు ఉన్నాయి. చేయవలసినది చేయకపోవడాన్ని శాస్త్రకారులు అకరణం అన్నారు. విహితమైన నిత్యకర్మను మానితే ప్రత్యవాయం, అంటే దోషం, కలుగుతుందని మీమాంసకులు చెప్పగా, మానడం ఒక అభావమని, అభావం నుంచి భావరూపమైన ఫలం పుట్టదని శంకరాచార్యులు తైత్తిరీయ భాష్యంలో ఆక్షేపించి, అకరణం పూర్వం పోగైన పాపానికి గుర్తే తప్ప కొత్త పాపానికి కారణం కాదని వివరించారు. ఈ వాదం మోక్షవిచారంలో పుట్టినదే అయినా, ఉగ్రవాద నిరోధంలో రాజ్యాల బాధ్యతను గురించిన చర్చలో అసలు చిక్కు కూడా ఇదే.

1934 అక్టోబరు 9న మార్సెయ్ నగరంలో యుగోస్లావియా రాజు అలెగ్జాండర్ హత్యకు గురైన తరువాత, హంతకుల ముఠాకు చోటిచ్చిందన్న ఆరోపణ హంగరీ మీద రాగా, రాజకీయ లక్ష్యంతో సాగే ఉగ్రవాద చర్యలను ప్రోత్సహించకపోవడమే కాక, తన భూభాగంలో సహించకపోవడం కూడా ప్రతి రాజ్యపు విధి అని నానాజాతి సమితి మండలి ప్రకటించింది. ఆ ఊపులో 1937లో జెనీవాలో కుదిరిన ఒప్పందాన్ని ధ్రువీకరించిన ఒకే ఒక్క దేశం అప్పటికి బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న భారతదేశం. ఆ ఒప్పందం అమలులోకి రానేలేదు.

సహించడం అంటే తెలిసి ఊరుకోవడం. ఆ తెలిసిన సంగతిని నిరూపించేదెలా? 1946లో అల్బేనియా జలాల్లోని కోర్ఫూ జలసంధిలో రెండు బ్రిటిష్ యుద్ధనౌకలు మందుపాతరలు తగిలి దెబ్బతిని పలువురు నావికులు మరణించిన వ్యాజ్యంలో, అంతర్జాతీయ న్యాయస్థానం 1949లో ఈ ప్రశ్నను ఎదుర్కొంది. పాతరలు పెట్టినదెవరో తేలలేదు. భూభాగం మీద అధికారం ఉన్నంత మాత్రాన అక్కడ జరిగేదంతా రాజ్యానికి తెలుసునని అనుకోరాదంటూనే, ఆ అధికారం పరులను లోపలికి రానివ్వదు కనుక, ప్రత్యక్ష సాక్ష్యం సంపాదించలేని బాధిత దేశం పరిస్థితులను బట్టి చేసే అనుమానాన్ని ప్రమాణంగా చూపవచ్చునని న్యాయస్థానం అంగీకరించి, అల్బేనియాకు తెలియకుండా అది జరిగి ఉండదని, తెలిసి హెచ్చరించకపోవడమే దాని తప్పిదమని నిర్ణయించింది. తలుపు మూసుకునే హక్కున్న సార్వభౌముడు లోపల ఏమి జరుగుతున్నదో తెలియదని తేలికగా తప్పించుకోరాదన్న ఈ తర్కం ఎంతో న్యాయమైనది.

అయితే తెలిసినా ఆపే శక్తి లేని రాజ్యం మాటేమిటి? నిరోధ విధిని న్యాయవేత్తలు తగుశ్రద్ధతో కొలుస్తారు. అంటే ఫలితం దక్కిందా అని కాక, అందుబాటులో ఉన్న సాధనాలన్నిటినీ చిత్తశుద్ధితో వాడిందా అని చూస్తారు. అశక్తత నేరం కాదు, కాని సహాయాన్ని తోసిపుచ్చుతూ చాటుకునే అశక్తతకు ఆ మన్నన దక్కకూడదు. బోస్నియాలోని స్రెబ్రెనిత్సా మారణకాండపై 2007లో అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు జాతిహత్య ఒప్పందానికే పరిమితమైనా ఇక్కడ స్మరించదగినది: నిరోధించే ప్రయత్నం చేయనందుకు సెర్బియాను దోషిగా ప్రకటించిన న్యాయస్థానమే, ప్రయత్నించి ఉంటే మారణకాండ ఆగేదని నిశ్చయంగా తేలలేదంటూ నష్టపరిహారాన్ని నిరాకరించింది. విధిని తప్పినందుకు దోషముంది, ఆ తప్పడమే మరణాలకు కారణమని రుజువు కాలేదు. శంకరుల ఆక్షేపణ ఇక్కడ మరో రూపంలో ఎదురవుతున్నది. దొంగలు ఎత్తుకుపోయిన సొత్తును రాజు ప్రజలకు ఇవ్వాలని, ఇవ్వని రాజుకు పాపం అంటుతుందని చెప్పిన యాజ్ఞవల్క్యస్మృతి ఈ కార్యకారణ విచారానికి దిగలేదు, రక్షించే బాధ్యత తనదైనప్పుడు రక్షణ లోపించిన నష్టమూ తనదే అన్నది. స్వప్రజల విషయంలో చెప్పిన ఆ సూత్రం పొరుగు ప్రజలకూ వర్తించవలసినది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఒక ప్రకటన మాత్రమే ఇచ్చే న్యాయం సగం న్యాయమే.

ఉగ్రవాదులకు ఆశ్రయం ఇవ్వరాదని, దాడులను నిరోధించే చర్యలు తీసుకోవాలని 2001 సెప్టెంబరు 28న భద్రతా మండలి 1373వ తీర్మానంతో అన్ని రాజ్యాలనూ కట్టుబరచింది. అయినా పెద్ద వెలితి మిగిలే ఉంది. ఉగ్రవాదానికి ధనసహాయాన్ని అణచే 1999 ఒప్పందం కింద ఉక్రెయిన్ వేసిన వ్యాజ్యంలో 2024 జనవరి 31న న్యాయస్థానం, ఆరోపణలపై దర్యాప్తు చేయనందుకు రష్యాను తప్పుపట్టింది. రాజ్యమే స్వయంగా ధనమిస్తే అది ఈ ఒప్పందం పరిధిలోకి రాదని, అంతమాత్రాన అది సక్రమమని కాదని అదే వ్యాజ్యంలో 2019లో ఇచ్చిన తీర్పులోనే చెప్పింది. వ్యక్తుల ధనసహాయాన్ని విచారించకపోవడాన్ని పట్టుకోగలిగి, రాజ్యం తానే ఆ ధనం ఇవ్వడాన్ని వదిలివేసే ఒప్పందాన్ని సవరించే పని ఆ తీర్పుల తరువాత రాజ్యాల మీదే ఉంది.