గల్లాపెట్టె వెనక కుర్చీ

హిందూపురం

అల్లుడూ,

నీ హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చిందని మా అక్క ఫోన్లో చెప్పి ఏడ్చింది. మూడు నెలల చక్కెర సగటు చెప్పే లెక్క అది. 6.5కు చేరితే షుగరు జబ్బంటారు. నువ్వింకా గడప ఇవతలే ఉన్నావు. బెంగళూరు కాటన్‌పేట అంగట్లో నీకు ముందు ముప్పై రెండేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి రాస్తున్నా.

పొద్దున గల్లాపెట్టె వెనక కూలబడితే రాత్రి షట్టర్ దించేదాకా నేను లేచింది ఏ రెండుసార్లో. టీ వచ్చేది, బోండా వచ్చేది. మధ్యాహ్నం క్యారియర్ అక్కడే విప్పి, అక్కడే కునుకు తీసేవాణ్ణి. నలభై ఎనిమిదో ఏట అరికాళ్లు మండితే గానీ రక్తపరీక్షకు పోలేదు. మన మూటలు మోసిన హమాలీ నాకు రెండింతలు సంగటి తినేవాడు. నా ఈడువాడే, షుగరు లేదు. రాగులు తింటే షుగరు రాదని అక్క నీకు రెండు ముద్దలు వేస్తోందట, వద్దను. రాగిలోనూ ఎక్కువగా ఉన్నది పిండిపదార్థమే. మన తాతలు సంగటి తిన్నాక మడక పట్టారు, మనం గల్లాపెట్టె పట్టుకున్నాం.

ఒక్క హమాలీని చూసి శాస్త్రం చెబుతున్నానంటావు. లండన్‌లో జెరెమీ మోరిస్ అనే డాక్టరు డబుల్ డెక్కర్ బస్సుల వాళ్లని లెక్క తీసి 1953లో అచ్చు వేశాడు. కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, రోజంతా మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. డ్రైవర్లు కొలువులో చేరేనాటికే కాస్త లావని తర్వాత తేలిందిలే, అయినా ఆ లెక్క ఉత్తదేం కాలేదు.

నిన్ను జిమ్ముకు పొమ్మనను, రెండు వారాల్లో మానేస్తావు. తిన్న వెంటనే పావుగంట నడువు. కదిలే కండ రక్తంలోని చక్కెరను తనే లాక్కుంటుంది. చిక్‌పేట వసూళ్లకు స్కూటర్ తీయకు, ఆ ట్రాఫిక్‌లో ఎలాగూ కాళ్లే ముందు చేరతాయి. ఉప్పు రోజుకు ఐదు గ్రాముల లోపే ఉండాలంటారు, అంటే ఒక్క టీస్పూను. మన ఇంటి ఆవకాయకు ఆ సంగతి తెలీదు.

కదలడానికి వయసు అడ్డం కాదు. ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు తొంభై దాటాక కూడా గంగ మీద వంతెనకు చోటు చూసే పనిలో ఉన్నారు. అది మహానుభావుల మాట, మనకెందుకంటావేమో. నాకు మాత్రం తొంభైలో నీ కొడుకు పెళ్లిలో వడ్డించాలనుంది.

చైత్ర పౌర్ణమికి కరగ ఉత్సవం చూడ్డానికి వస్తున్నా. ధర్మరాయ గుడి నుంచి మన మస్తాన్ దర్గా దాకా ఊరేగింపుతో పాటే నడుద్దాం. స్కూటర్ తాళాలు ఆ రాత్రికి అక్క చేతికివ్వు.

ఇట్లు,
మీ మామ