పోయిన బిడ్డ పేరిట

పసిబిడ్డ పోతే మన ఇళ్లలో జరిగే కర్మ చాలా కురచ. రెండేళ్లు నిండని బిడ్డను దహనం చేయకుండా పూడ్చమంటుంది మనుస్మృతి. పెద్దవాళ్లకు జరిపే పది రోజుల తంతు, ఏటేటా తద్దినం చాలా ఇళ్లలో చిన్నపిల్లలకు ఉండవు. బిడ్డకు ఆ తంతు అక్కర్లేకపోవచ్చు, కన్నవాళ్లకు మాత్రం ఏదో ఒకటి చేయకపోతే మనసు నిలవదు. అందుకే దానానికి పూనుకుంటారు. బడికి ఫ్యాను కొనిచ్చి రెక్క మీద పేరు రాయిస్తారు, పదో తరగతిలో ఫస్టు వచ్చినవాళ్లకు స్మారక బహుమతి పెడతారు. ఆ పుణ్యం బిడ్డకు చేరుతుందా అన్న ప్రశ్నను తేల్చే ప్రమాణం ఎవరి దగ్గరా లేదు. అలాంటి కడుపుకోతే పడ్డ మరో ఇంటికి ఆ దానం ఊరటనిచ్చిందా అన్నది మాత్రం కళ్లతో చూడగలం. ఆ లెక్కన, దుఃఖంలో ఉన్న కుటుంబానికి అండగా నిలవడం బడికి నేర్పించే దానం ఫ్యాను కన్నా, బహుమతి కన్నా పెద్దదని నా నమ్మకం.

చచ్చిన బిడ్డను ఎత్తుకుని మందు కోసం తిరిగిన కిసాగోతమిని, చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు బుద్ధుడు. అనిత్యత గురించిన పాఠంగా ఆ కథ చెబుతుంటారు. ఆ పాఠం ఆయన కూర్చోబెట్టి చెప్పగలిగినదే. అయినా ఆమెను ఇంటింటికీ పంపాడు. గడప గడపకూ ఆగి, వాళ్ల వాళ్ల పోయినవారి సంగతి విన్నాకే ఆమె బిడ్డను దించగలిగింది. 1982లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో మొదలైన డగీ సెంటర్ నడిచే పద్ధతీ ఇదే. మెదడులో కణితితో 13 ఏళ్లకే పోయిన పిల్లవాడి పేరు దానిది. అయినవాళ్లను పోగొట్టుకున్న పిల్లలు అక్కడ తమలాంటి పిల్లల మధ్య కూర్చుని మాట్లాడుకుంటారు, ఆడుకుంటారు.

పాఠాలు చెప్పే టీచరుకు ఇదంతా ఎందుకు, మానే గాయాన్ని కెలకడమే కదా అనేవారున్నారు. టీచరు వైద్యం చేయనక్కర్లేదు. కానీ బడి ఏమీ చేయకుండా ఉండటమూ ఆ ఇంటిని తాకుతుంది. హాజరు జాబితాలో పేరు తీసేయకపోతే, మీ అబ్బాయి ఈ రోజు బడికి రాలేదని తల్లి ఫోనుకు మెసేజి వెళ్తుంది. అదే బడిలో చదివే చెల్లెలు తిరిగొచ్చిన రోజున ఎవరూ పలకరించకపోతే, అన్న పేరు ఎత్తకూడదేమోనని ఆ పిల్లకు అర్థమవుతుంది.

పోయినవారి కోసం వివేకి శోకించడని గీత చెప్పింది కదా అన్నది ఇంకా బరువైన అభ్యంతరం. ఆ గీత విన్నవాడు అర్జునుడే. యుద్ధం పదమూడో రోజున అభిమన్యుడు పడిపోతే అతడు గుండె పగిలేలా ఏడ్చాడు. కృష్ణుడు అతన్ని ఓదార్చాడు, అతను కోరితే సుభద్ర దగ్గరికీ స్వయంగా వెళ్లాడు. తత్వం చెప్పినవాడే గడప దాకా నడిచి వెళ్లాడంటే, తత్వం తెలిసినంత మాత్రాన ఆ నడక తప్పదన్నమాట.

కాబట్టి బిడ్డ పేరిట ఇచ్చే డబ్బు ఒకరిద్దరు టీచర్ల శిక్షణకు, ప్రధానోపాధ్యాయుడి బల్ల సొరుగులో ఉండాల్సిన ఒక కాగితానికి ఖర్చు కావాలి. ఇంటికి ఎవరు వెళ్లాలి, తరగతి పిల్లలకు ఎవరు, ఏ మాటల్లో చెప్పాలి, మెసేజీల జాబితాలోంచి పేరు ఆ రోజే ఎవరు తీయాలి, బడిలో మిగిలిన పుస్తకాలు, బొమ్మలు ఎవరు తీసుకెళ్లి ఇవ్వాలి అన్నవి అందులో ఉండాలి. ఏది చేసినా ముందు ఆ తల్లిదండ్రులను అడగాలన్నది మొదటి వరుసలోనే రాయాలి.