వాలికి దక్కిన మాట

చాటు నుంచి కాల్చే 'కవర్ షూటర్' వీడియో ఆటల డెమో ఏది తీసుకున్నా, మొదటి కొన్ని నిమిషాల్లో నేర్పేది కాల్చడం కాదు, దాక్కోవడం. ఒక మీట నొక్కితే మన సైనికుడు గోడకు వీపు ఆన్చుతాడు, ఇంకోటి నొక్కితే తల బయటపెట్టి కాలుస్తాడు, వదిలేస్తే మళ్లీ చాటుకు చేరతాడు. 1995లో నామ్కో ఆర్కేడ్‌లకు తెచ్చిన 'టైమ్ క్రైసిస్'లో ఈ పనికి కాలి కింద ఒక పెడల్ ఉండేది. 2003లో వచ్చిన 'కిల్ స్విచ్' చాటునే ఆటకు ఇరుసు చేసింది. 2006లో 'గేర్స్ ఆఫ్ వార్' ఆ పద్ధతిని ప్రపంచమంతటికీ అలవాటు చేసింది. ఆ తర్వాత ఈ కోవలో వచ్చిన ఆటల్లో ఎక్కువ భాగం ఒకే తీరుగా ఉంటాయి. నడుమెత్తు గోడలు వరసగా కనిపించాయంటే అక్కడ పోరు తప్పదని ముందే తెలిసిపోతుంది. దెబ్బ తగిలితే కాసేపు గోడ వెనక ఆగితే చాలు, ఒళ్లు దానంతటదే బాగవుతుంది. తల ఎత్తకుండా తుపాకీ ఒక్కటే గోడ మీదికి ఎత్తి, ఎవరున్నారో చూడకుండా కాల్చే వీలు కూడా ఉంటుంది. దానికి బ్లైండ్ ఫైర్ అని పేరు. ఈ డెమోలు వినోదం కోసమే అయినా, వాటి అడుగున మనకు బాగా పాతదైన ధర్మసందేహం ఒకటి ఉంది. చాటున ఉండి చంపడం తప్పా?

హైదరాబాద్‌లో సుచిత్ర చౌరస్తా నుంచి కొంపల్లి దాకా 44వ నంబరు జాతీయ రహదారికి రెండు వైపులా ఉన్న కాలనీల్లో ఈ సందేహానికి కుర్రకారు దగ్గర అప్పుడే ఒక తీర్పు ఉంది. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను కేంద్రం నిషేధించినా, 2021 జూలైలో అదే ఆట బీజీఎంఐగా తిరిగొచ్చింది. అందులో ఏ మేడ గదిలోనో మూలకు నక్కి, మెట్లెక్కి వచ్చేవాణ్ణి కొట్టేవాడు 'క్యాంపర్'. అది మెచ్చుకోలు కాదు, తిట్టు. అదే కుర్రాడు 'గేర్స్ ఆఫ్ వార్'లో గంటసేపు గోడల వెనకే గడిపినా ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే అక్కడ అటువాళ్లూ ఇటువాళ్లూ దాక్కునే ఆడతారు. అంటే జనం తప్పుపడుతున్నది చాటును కాదు, ఇద్దరూ ఒప్పుకున్న పద్ధతిని ఒకడు దాటడాన్ని. రామాయణంలో రాముడు చాటు నుంచి కొట్టిన వాలి ఫిర్యాదు కూడా సరిగ్గా ఇదే. నేను ఇంకొకడితో పోరాడుతున్నాను, నీతో నాకు పగ లేదు, నువ్వు నా ఎదుటికి రాలేదు, మరి ఈ బాణం ఏ ధర్మం అని అతను కిష్కింధాకాండలో అడుగుతాడు.

రాముడు చెప్పిన కారణాలు అందరికీ తెలిసినవే. ఈ నేల భరతుడి ఏలుబడిలోది కాబట్టి దండించే అధికారం తనకుంది. వాలి తమ్ముడి భార్య రుమను చెరబట్టాడు. సుగ్రీవుడికి ఇచ్చిన మాట ఉంది. వేటగాడు మృగాన్ని చాటు నుంచి కొట్టడం లోకంలో ఉన్నదే. ఎదుటివాడి బలంలో సగం వాలికి వచ్చేస్తుందన్న వరం కథ జనం నోట బాగా వినిపిస్తుంది గానీ, వాల్మీకి రాసిన ఆ వాదోపవాదంలో దాని ఊసు లేదు. ఈ జవాబుల్లో ఏది నిలుస్తుంది, ఏది నిలవదన్న తగువు నేటికీ తెగలేదు. విశ్వనాథ 'రామాయణ కల్పవృక్షం' రాసిన భాషలోనే రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం' రాశారు. కానీ ఈ తగువులో పడి మనం దాటిపోయే సంగతి ఒకటుంది. బాణం తగిలిన వెంటనే వాలి చచ్చిపోడు. రాముడు చాటు విడిచి, విల్లుతో సహా, పడిపోయినవాడి దగ్గరికి నడిచి వస్తాడు. వాలి అడగాల్సిందంతా అడుగుతాడు, రాముడు నిలబడి విని జవాబు చెబుతాడు. కవి ఆ సంభాషణకు యుద్ధానికి ఇచ్చిన దానికంటే ఎక్కువ చోటిచ్చాడు.

అంతకు ముందు జరిగింది కూడా గమనించాలి. మొదటిసారి అన్నదమ్ములు కలబడినప్పుడు ఇద్దరూ ఒకేలా ఉండటంతో రాముడు బాణం వేయలేదు. సుగ్రీవుడు దెబ్బలు తిని పారిపోయి వచ్చి నిష్ఠూరమాడినా, ఎవరెవరో తెలియక ఆగానని చెప్పాడు. గజపుష్పి తీగను సుగ్రీవుడి మెడలో వేయించి ఆనవాలు దొరికాకే రెండోసారి విల్లు ఎక్కుపెట్టాడు. చాటున ఉన్నవాడికి ఈ జాగ్రత్త మరీ అవసరమని రామాయణమే ఇంకోచోట చూపిస్తుంది. యువరాజుగా ఉన్నప్పుడు దశరథుడు చీకట్లో సరయూ ఒడ్డున, నీళ్ల చప్పుడును ఏనుగు చప్పుడనుకుని బాణం వేశాడు. అది కుండ ముంచుతున్న ముని కుమారుడికి తగిలింది. నేటి ఆటల భాషలో చెప్పాలంటే అది బ్లైండ్ ఫైరే. అయినా దశరథుడు చీకటి మాటున ఇంటికి జారుకోలేదు. ఆ కుర్రాడి మాట విన్నాడు, అతను చెప్పిన దారినే కుండతో నీళ్లు మోసుకెళ్లి, కళ్లులేని తల్లిదండ్రుల ముందు నిలబడి చేసింది చెప్పాడు, శాపం తీసుకున్నాడు.

భారతంలోనూ ఇదే తూకం కనిపిస్తుంది. శిఖండిని ముందు పెట్టుకుని అర్జునుడు భీష్ముణ్ణి కొట్టడం చాటు బాణానికి తక్కువేమీ కాదు. కానీ భీష్ముడు అంపశయ్య మీద ఉండగా పాండవులు వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నారు. శాంతిపర్వం, అనుశాసనికపర్వం చాలావరకు కూలినవాడు చెబుతుండగా కూల్చినవాళ్లు విన్న మాటలే. దీనికి ఎదురుగా సౌప్తికపర్వంలో అశ్వత్థామ రాత్రివేళ శిబిరంలో దూరి నిద్రలో ఉన్నవాళ్లను చంపాడు. వీరుడి చావైనా ఇమ్మని ధృష్టద్యుమ్నుడు వేడుకున్నా వినిపించుకోలేదు. మొదటిదాన్ని మన సంప్రదాయం వేల ఏళ్లుగా తర్కిస్తూనే ఉంది, రెండోదాన్ని పాతకమని తేల్చేసింది. రెంటిలోనూ మోసం ఉంది. తేడా వచ్చేది తర్వాతే: ఒకచోట చంపినవాడు జవాబుదారీగా నిలబడ్డాడు, ఇంకోచోట నిలబడలేదు. నా వాదమంతా ఇంతే. చాటు తనంతట తాను అధర్మం కాదు. చాటు విడిచి బయటికి రాకుండానే పని ముగిసిందనుకోవడం అధర్మం.

నిజమైన సైనికుడు చాటు చూసుకోకపోతే బతకడు కదా అని మొదటి ఆక్షేపణ వస్తుంది. నిజమే. సుచిత్రకు దూరంకాని హకీంపేట వైమానిక కేంద్రంలో శిక్షణ పొందే పైలట్‌ను, శత్రువుకు కనబడేలా ఎగరమని ఎవరూ అనరు. అంతర్జాతీయ చట్టమూ అనదు. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్ 37వ అధికరణం పరిసరాల్లో కలిసిపోయే రంగులనూ, ఉత్తుత్తి దాడులనూ యుద్ధతంత్రంగా ఒప్పుకుంటుంది. లొంగిపోతున్నట్టు నటించి చంపడాన్ని మాత్రం ద్రోహమంటుంది. పైగా చట్టం సైనికుణ్ణి చాటులో వదిలేయదు. ఎవరిని కొట్టావు, ఎందుకు కొట్టావు అని తర్వాత అడిగే హక్కు దానికి ఉంటుంది. కాబట్టి ఈ ఆక్షేపణ నా వాదానికి అడ్డు రాదు, బలమే ఇస్తుంది.

రెండోది, ఇదంతా ఆట, తెర మీద బొమ్మలకు ప్రాణం లేదు కదా అన్నది. దీన్నీ కాదనను. 2020లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అరవడం, నెట్టడం వంటి చిన్నపాటి దుడుకుతనంతో ఈ ఆటలకు సంబంధం ఉందన్నా, నిజమైన హింసకు అవే కారణమనడానికి చాలినంత ఆధారం లేదని స్పష్టం చేసింది. ఆట ఆడితే పిల్లవాడు హంతకుడవుతాడన్నది నా మాట కాదు. కానీ వాలి కూడా కథలోని పాత్రే. కథకుడు తన పాత్రల్లో ఎవరికి నోరిచ్చాడు, ఎవరికి ఇవ్వలేదు అని రామాయణాన్ని అడిగే మనం, ఆటను అడగకుండా వదిలేయడం దాన్ని తక్కువ చేయడమే. డెమోలో పడిపోయినవాడు క్షణంలో మాయమవుతాడు. వాడి తుపాకీ మాత్రం మనకు దక్కుతుంది.

పడిన ప్రతివాడూ ప్రశ్నలు వేస్తే ఆట సాగేదెట్లా అని ఇంకొకరు అడగవచ్చు. అందరూ అడగనక్కర్లేదు, రామాయణంలోనూ అందరూ అడగలేదు, ఒక్కసారి చాలు. యాగర్ సంస్థ తయారు చేయగా 2012లో వచ్చిన 'స్పెక్ ఆప్స్: ది లైన్' దాన్ని చేసి చూపింది. కథ ఇసుక తుఫానుల్లో కూరుకుపోయిన దుబాయ్‌లో జరుగుతుంది. ఇదే 44వ రహదారి మీదుగా నిజామాబాద్ పల్లెల నుంచి విమానాశ్రయానికి వెళ్లే తెలంగాణ కూలీలకు అది తెర మీది ఊరు కాదు, అన్నం పెట్టిన ఊరు. ఆ ఆట మొదట మామూలు కవర్ షూటర్‌లాగే సాగుతుంది. నడుమ ఒకచోట పైనుంచి తీసే కెమెరాలో తెల్ల చుక్కలను చూస్తూ ఫాస్ఫరస్ గుండ్లు వేయిస్తుంది. తర్వాత ఆ కాలిన నేల మీదే నడిపిస్తుంది, ఆ చుక్కల్లో సైనికులు కాని తల్లీబిడ్డలూ ఉన్నారని చూపిస్తుంది. దీని మీద న్యాయమైన విమర్శ ఉంది: గుండ్లు వేయకుండా ముందుకు పోయే దారి ఆట ఇవ్వదు, పైగా నింద మన మీద వేస్తుంది. ఈ విమర్శకు తల వంచాల్సిందే. రాముడు వేయకుండా ఉండగలిగీ వేశాడు, అందుకే అతని జవాబుకు విలువ. ఎంపిక లేనిచోట జవాబుదారీ సగమే నిజం.

రాముడి జవాబు తృప్తినివ్వనివారికీ ఈ వాదంలో చోటుంది. వాలి చివరికి చేతులు జోడించాడు గనుక పాఠకుడూ జోడించాలన్న నియమమేమీ లేదు. జవాబు గెలవాలన్నది ధర్మం కాదు, జవాబు చెప్పడానికి ఎదురుగా నిలబడాలన్నది ధర్మం. ఈ కొలతతో చూస్తే, పిల్లవాడు కొత్త డెమో దించుకున్నప్పుడు పెద్దలు అడగాల్సింది ఎన్ని గంటలు ఆడావనో, ఎందరిని కొట్టావనో కాదు. కొట్టేముందు వాడెవడో తెలుసుకునే వీలు ఆ ఆటలో ఉందా, కొట్టకుండా వదిలేసే దారి ఉందా, పడ్డవాడు ఒక్కమాటైనా అనగలడా అని అడగాలి. మూడింటికీ లేదనే జవాబు వస్తే, ఆ ఆట చెడ్డదని కాదు, అది ఇంకా యుద్ధకథ కాలేదని, గురిపెట్టే అభ్యాసం దగ్గరే ఆగిపోయిందని పిల్లవాడికి చెప్పవచ్చు. ఆ తేడా తెలిసినవాడు ఆడుకున్నా నష్టం లేదు.