నిరీక్షణ జూబిలీ – బడిపిల్లల బాకీ



2026 జనవరి 6న రోమాపురిలో పునీత పేతురు దేవాలయపు పవిత్ర ద్వారాన్ని లియో పోపుగారు మూసివేశారు. 2024 డిసెంబరు 24 రాత్రి ఫ్రాన్సిస్ పోపుగారు తెరిచిన తలుపు అది. తెరిచిన చేయి ఒకరిది, మూసిన చేయి మరొకరిది. నడుమ 2025 ఏప్రిల్ 21న ఫ్రాన్సిస్ పోపుగారు ప్రభువులో నిద్రించారు. మేత్రాసనాలలో జూబిలీ 2025 డిసెంబరు 28నే ముగిసింది. ముగిసిన పండుగను గురించి ఇప్పుడెందుకు అంటారా? పండుగ అయిపోయాకనే లెక్కలు చూసుకోవడం మన ఇళ్లలో అలవాటు గదా!

హాలియా వంటి ఊళ్లో, ఒక ప్రాథమిక పాఠశాలలో, ఇటువంటి పవిత్ర సంవత్సరాన్ని జరపడమంటే ఏమిటి? అట్టముక్కలతో తలుపు చేసి, రంగుకాగితాలు అతికించి, పిల్లలను వరుసగా దానిలోంచి నడిపిస్తాం. జూబిలీ చిహ్నంలోని సిలువ అడుగున లంగరు ఉంటుంది. దానిని బోర్డు మీద గీయిస్తాం. లంగరు అంటే ఏమిటని పిల్లవాడు అడిగితే, సాగర్‌లో నాగార్జునకొండకు పోయే లాంచీ పేరు చెప్పి గట్టెక్కుతాం. ఇవన్నీ మంచివే. నేను తప్పుపట్టడం లేదు.

కాని నిరీక్షణ అన్న మాటకు ఒకటో తరగతి పిల్లవాడి నోరు తిరగదు. ఆశ అంటే వాడికి తెలుసు: లడ్డూ మీద ఆశ, కొత్త చెప్పుల మీద ఆశ. ఈ రెండు మాటల తేడాను హాలియా పిల్లలకు చెప్పడానికి పెద్ద గ్రంథాలు అక్కరలేదు, కాలువ చాలు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన నాటినుంచి ఈ సీమ ఎడమ కాలువ వైపు చూస్తూ బతుకుతోంది. జలాశయం నిండు మట్టం 590 అడుగులని ఇక్కడ చదువురాని ముసలవ్వ కూడా చెప్తుంది. నీళ్లు వస్తాయని రూఢిగా తెలియకముందే రైతు నారు పోస్తాడు. ఊరికే కూర్చుని కోరుకునేది ఆశ. నారు పోసి ఎదురుచూసేది నిరీక్షణ.

అయితే నారు ఎండిన ఏడును కూడా ఆ పిల్లలు చూశారు. 2023-24లో ఎడమ కాలువ కింద ఎన్నో పొలాలు బీడుపడ్డాయి. 2024 ఆగస్టులో వరద వచ్చి గేట్లు ఎత్తారు, నిజమే. కాని అంతకుముందు చేసిన అప్పు గేట్లు ఎత్తగానే తీరదు. కనుక “అంతా మంచే జరుగుతుంది బిడ్డా” అని టీచరమ్మ అంటే ఆ ఇంటి పిల్ల నమ్మదు, నమ్మకూడదు కూడా. పునీత పౌలు రోమీయులకు వ్రాసిన లేఖ 5వ అధ్యాయంలో నిరీక్షణను కష్టానికీ ఓర్పుకూ తర్వాతనే నిలబెట్టాడు. అది మనలను సిగ్గుపాలు చేసేది కాదన్నాడు. జూబిలీని ప్రకటించిన 2024 మే 9 నాటి పోపుగారి అధికార పత్రం ఆ వచనంతోనే మొదలవుతుంది.

ఈ సిగ్గు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

నేను మూడో తరగతిలో ఉండగా ఒకనాడు ఫీజు కట్టనివాళ్లను వరండాలో నిలబెట్టారు. ఏ బడి అన్నది ఇప్పుడు అనవసరం. లోపల ప్రార్థన పాట పాడుతున్నారు. నేనూ బయటినుంచే పాడాను. ఆముదాలు అమ్మిన డబ్బు చేతికొచ్చాక మా నాయిన బాకీ కట్టాడు. పాట ఏదో మరిచిపోయాను, వరండా గచ్చు మాత్రం గుర్తుంది.

లేవీయకాండము 25వ అధ్యాయం తీసి చూడండి. యాబదవ యేట అప్పుల కింద పోయిన భూమి ఇంటివారికి తిరిగి రావాలి, లేమివల్ల అమ్ముడుపోయిన మనిషి తనవారిని చేరుకోవాలి. బాకీ కింద జీతం ఉండడం ఎరిగిన నల్లగొండ వారికి ఇది వివరించనక్కరలేదు. 2000 జూబిలీకి ముందు రెండవ జాన్ పాల్ పోపుగారు, ఈసారి ఫ్రాన్సిస్ పోపుగారు పేదదేశాల అప్పులు మాఫీ చేయమని అడిగారు. దేశాల అప్పులు మన చేతిలో లేవు. మూడో తరగతి ఫీజు బాకీ మన చేతిలోనే ఉంది. దానిని ముట్టుకోకుండా అట్టతలుపు లోంచి నడిస్తే జూబిలీ అయినట్టేనా?

ఈ మాటంటే బడులు నడిపే మఠకన్యలు నొచ్చుకుంటారు. వారి పక్షం కూడా వినాలి. టీచర్ల జీతాలు, కరెంటు బిల్లు, పైకప్పు మరమ్మతు అన్నీ ఆ ఫీజులలోంచే రావాలి. మాఫీ అన్నంత మాత్రాన బాకీ మాయం కాదు, ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. అసలే చాలీచాలని టీచరమ్మ జీతంలో కోత పెట్టి పిల్లవాడి ఫీజు వదిలితే అది జూబిలీ కాదు, భారం చేతులు మారడమే. కనుక మోయవలసింది విచారణ అంతా. షామియానా, మైకు, ఫ్లెక్సీలకు మనం ఏనాడూ వెనుకాడలేదు.

ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. మాఫీ పొందిన పిల్లల పేర్లు స్టేజి మీద చదివి, దండలు వేసి, ఫొటో తీయించారో, వారిని మళ్లీ వరండాలో నిలబెట్టినట్టే.

మన బడులలో ఎక్కువమంది హిందువుల పిల్లలు, కొందరు ముస్లిముల పిల్లలు. పవిత్ర ద్వారం వారికి ఒక ఆట. ఆ పూట నవ్వుకుంటూ నడుస్తారు, మంచిదే. బాకీ పోయిన సంగతి మాత్రం ఇంట్లో అమ్మకు తెలుస్తుంది. శ్రీసభ నిరీక్షణ అంటే ఏమిటో ఆ అమ్మకు ఉపదేశి వెళ్లి చెప్పనక్కరలేదు. ఫ్రాన్సిస్ పోపుగారు 2024 డిసెంబరు 26న మరో పవిత్ర ద్వారాన్ని రోమాలోని రెబిబ్బియా చెరసాలలో తెరిచారు. సిగ్గుతో తలవంచుకున్నవారు ఉన్నచోటికి తలుపును తామే తీసుకువెళ్లారు.

వచ్చే జూన్‌లో బడులు తెరుస్తారు. అంతకుముందు ఒక సాయంత్రం పాత బాకీల పుస్తకం హెడ్మాస్టరుగారి బల్లమీద పెట్టి, విచారణ గురువులు, ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని చూడవచ్చు. పేర్లు ఆ గది దాటనక్కరలేదు. మొత్తం ఎంతో అప్పుడు తెలుస్తుంది. నా అంచనాలో అది పోయిన పండుగకు మనం వేసిన షామియానా ఖర్చును మించదు.