శైలి ఎక్కడుంటుంది?

ఫోటో చూడగానే ఫలానావాళ్లదని పోల్చుకోగలిగితే దాన్నే శైలి అంటాం. ఫోటోగ్రాఫర్ గౌరీ గిల్ విషయంలో ఆ లెక్క కుదరదు. 1999 నుంచి రాజస్థాన్ పల్లెల్లో ఆమె తీసినవి నలుపు తెలుపు ఫోటోలు. మహారాష్ట్రలోని జవ్హార్ ప్రాంతంలో 2015 నుంచి తీసినవేమో నిండు రంగులవి. అక్కడ జాతరకు కాగితపు గుజ్జుతో దేవతల మాస్కులు చేసే ఆదివాసీ కళాకారులను, ఈసారి నేటి బతుకును చూపే మాస్కులు చేసిపెట్టమని ఆమె అడిగారు. ఆ ఫోటోల్లో జంతువుల తలలు, వస్తువుల తలలు పెట్టుకున్న మనుషులు మామూలుగా తమ పనుల్లో ఉంటారు. వార్లీ చిత్రకారుడు రాజేశ్ వాంగడ్‌తో చేసినవి ఇంకో రకం: ఆయన తన ఊరి నేల మీద కనిపిస్తారు, చుట్టూ ఆకాశం దాకా ఆయన సిరాతో గీసిన చిన్నచిన్న బొమ్మలు పరుచుకుని ఉంటాయి.

మాస్కులు ఆ కళాకారులవి, గీతలు వాంగడ్‌వి, మరి ఫోటోగ్రాఫర్‌ది ఏముంది అనొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఎవరిని అడగాలి, ఎంత చోటు వదలాలి, ఎక్కడ నిలబడి చూడాలి అన్న నిర్ణయాలు ఆమెవే. ఫోటోలోని మనిషిని తన వంతు చెప్పనివ్వడం మూడు పనుల్లోనూ ఉంది; ఆమె శైలి అక్కడే ఉంది. ఫోటోకు ఫిల్టర్ ఎవరైనా వేసుకోవచ్చు. ఏళ్ల తరబడి అదే మనుషుల దగ్గరికి వెళ్లే ఓపిక ఏ యాప్‌లోనూ లేదు.