దుక్కి దున్నిన నమ్మిక

ప్రభువా, పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని ఆపేసే చోట, తూర్పు సముద్రపు తడి చేరేలోపే ఆవిరైపోయే చోట నీ పేరు పలికే జనాన్ని చూస్తే నా మనసు ఉప్పొంగుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదే మా అనంతపురం వాటా. అదీ వేళకు రాదు. అయినా ఎండల్లోనే ఎర్రనేల దున్ని, చెనిక్కాయలు వలిచి విత్తనం సిద్ధం చేసుకుని, పదునైతే చాలని కాచుకునే ఆ ధైర్యం ఎవరిది? నీవు పోసినదే కదా!

భయం ఆ ఇళ్లలోనూ ఉంది. అప్పు గడువు దగ్గరపడుతోంది. బోరు వేస్తే దుమ్మే లేస్తుందేమో. బెంగుళూరుకు వలసపోయిన కొడుకు ఎట్లున్నాడో. ఆ దిగుళ్లలో ఒక్కటీ దాచకుండా నీ ముందు పరిచి, కన్నీళ్లతోనే స్తోత్రం చెప్పే తల్లులున్నారు. పండని పొలాన్నీ ఖాళీ దొడ్డినీ చూస్తూనే నిన్ను కీర్తించిన హబక్కూకు మా కదిరి, కళ్యాణదుర్గం వాళ్లకు దూరపు ప్రవక్త కాడు, పక్క చేని రైతు.

మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల చేత బావులు తవ్వించిన విన్సెంట్ ఫెర్రర్‌ను 1968లో దేశం విడిచిపొమ్మన్నారు. ఆయన మరుసటేడే తిరిగొచ్చి ఈ కరువు సీమలో అడుగుపెట్టారు. దిగిన ఇంట్లో గోడమీద అద్భుతానికి ఎదురుచూడమన్న మాట కనిపించిందట. ఆయన ఎదురుచూసిన తీరు ఎంత గొప్పది! భార్య అన్నే ఫెర్రర్‌తో, ఊరూరి జనంతో కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నిలబెట్టారు. బావులు, చెరువులు, బడులు, బత్తలపల్లిలో పెద్దాసుపత్రి వచ్చాయి. నీ దయ మీద భారం వేసినవాడి చేతులు ఖాళీగా ఉండవని ఈ జిల్లా కళ్లారా చూసింది. 2009లో అనంతపురంలోనే కన్నుమూసి, బత్తలపల్లి మట్టిలోనే ఆయన విశ్రమించారు.

కర్మెలు కొండ మీద ఆరుసార్లు చూసినా మబ్బు జాడ లేకపోతే, ఏడోసారీ వెళ్లి చూడమన్నాడు ఏలీయా. పంట ఎండిన మరుసటేడు మళ్లీ మడక కట్టే ప్రతి మనిషిలో నాకు ఆ ఏడోసారి కనిపిస్తుంది.

వాన కురిసిన ఏడూ నీవే దేవుడవు, కురవని ఏడూ నీవే దేవుడవు. భయాన్ని పూర్తిగా తీసేయకపోయినా దానికి మమ్మల్ని అప్పగించవు. ఓడిన చేలోకి మళ్లీ విత్తనం పట్టుకుని నడిచే బలమిస్తున్నావు. అందుకే ప్రభువా, పంట చేతికి రాకముందే నీకు స్తోత్రం.