టపాకాయలు

2004 జూన్ 18, శుక్రవారం రాత్రి. ఆ రోజుల్లో ఇక్కడ గురు, శుక్రవారాలు సెలవు. తెల్లవారితే శనివారం, ఆఫీసు. చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్న వేళ మలాజ్‌లో తుపాకులు మోగాయి. ఒక పెట్రోలు బంకు దగ్గర భద్రతా దళాలు అల్‌ఖైదా నాయకుడు అబ్దుల్ అజీజ్ అల్ ముక్రిన్‌ను చుట్టుముట్టాయి. అతడూ, వెంట ఉన్న ముగ్గురూ చనిపోయారు.

"ఏమిటా చప్పుడు నాన్నా?" అని పిల్లలు అడిగారు. ఎవరో టపాకాయలు కాలుస్తున్నారమ్మా అన్నాము. ఇన్ని ఇళ్ళలో అదే జవాబు ఎలా వచ్చిందో! మన మిత్రుల ఇంట్లో ఆరేళ్ళ పాప "దీపావళికి ఇంకా చాలా రోజులుంది కదా" అని, మరేమీ అడగకుండా వెళ్ళి పడుకుంది. ఆ తర్వాత చాలాకాలం రాత్రిపూట లైటు ఆర్పనిచ్చేది కాదు. పెట్రోలు పోయించుకోవటానికి కారు ఆపితే సీటు కిందికి జారిపోయేది. బంకు సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్ళం ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడుకున్నాము. గొంతు తగ్గించి చెప్పిన మాటే పిల్లలకు బాగా వినపడుతుంది.

పిల్లల మేలు కోరి అబద్ధం చెప్పవచ్చునా? ప్రాణాపాయంలో బొంకవచ్చునని వామన చరిత్రలో శుక్రాచార్యుడు బలికి చెప్పిన మినహాయింపు మనందరికీ తెలిసినదే. కానీ మన బొంకు ఏ తూటానూ ఆపలేదు. నిజం చెబితే పిల్లలు తర్వాత అడగబోయే ప్రశ్న ఒకటుంది: "మరి మనం ఇక్కడెందుకున్నాం?" దానికి మన దగ్గర జవాబు సిద్ధంగా లేదు. ఆ అబద్ధం కాపాడింది మనల్నేనేమో.

రెండవ ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్న కాలంలో అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హాం అక్కడ పిల్లల వసతి గృహాలు నడిపారు. చిన్నపిల్లలను బాంబుల కంటే తల్లి ఎడబాటే ఎక్కువగా కుంగదీస్తుందనీ, తల్లి వణికితే బిడ్డా వణుకుతుందనీ వారు గమనించారు. షికాగో పిల్లల మీద పాట్రిక్ షార్కీ 2010లో ప్రచురించిన పరిశోధన మరొకటి. ఇంటి చుట్టుపక్కల హత్య జరిగిన వారంలోపు పరీక్ష జరిగితే, నల్లజాతి పిల్లలకు చదవటంలోనూ పదజ్ఞానంలోనూ మార్కులు తగ్గాయి. హత్యను కళ్ళారా చూడనక్కరలేదు, అది తమ పేటలో జరిగితే చాలు. (మార్కులంటే మనకు తొందరగా అర్థమవుతుందని ఈ మాట చెబుతున్నాము.)

పిల్లల్ని ఇంటికి పంపేస్తే సరిపోతుంది కదా అనే వారున్నారు. 1990 ఆగస్టులో కువైట్ ఆక్రమణ తర్వాత అలా భార్యాబిడ్డలను హైదరాబాదు పంపినవారు మనలో ఉన్నారు. డిసెంబరులో అక్కడ మతకలహాలు చెలరేగి వందమందికి పైగా చనిపోయారు, పాతబస్తీలో కర్ఫ్యూ. జనవరిలో ఇక్కడ రియాద్ మీద స్కడ్ క్షిపణులు. నాన్న ఏమయ్యాడోనని అక్కడ పిల్లలు, పిల్లలు ఏమయ్యారోనని ఇక్కడ తండ్రులు. ఉత్తరాల్లో మాత్రం ఇరువైపులా "క్షేమం".

అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాలని మేము అనటం లేదు. టీవీలో శవాలు చూపించటం నిజం చెప్పటం కిందికి రాదు. కానీ బిడ్డ చెవితో విన్నదాన్ని వినలేదనటం వేరు. అప్పటినుంచి ఆ బిడ్డ తన చెవినైనా నమ్మకూడదు, లేదా మనల్నైనా నమ్మకూడదు.

ఆ పాప తండ్రి కొన్ని నెలల తర్వాత కూర్చోబెట్టుకుని చెప్పారు: "అవి తుపాకులేనమ్మా. నేను అబద్ధం చెప్పాను. నాకూ భయం వేసింది." పాప చాలాసేపు ఆలోచించి, "వాళ్ళు మళ్ళీ వస్తారా?" అని అడిగిందట. తెలియదన్నారు ఆయన. ఆ రాత్రి కూడా లైటు ఆర్పనివ్వలేదు. కానీ మర్నాడు, ఆ బంకు ఎక్కడో చూపించమంది. చూపించమంటారా అని ఆయన మమ్మల్ని అడిగారు. ఆ సాయంత్రమంతా మాట్లాడుకున్నా మేము ఒక మాట మీదికి రాలేకపోయాము.